రెన్ అండ్ మార్టిన్ రెన్ రాసిన ఎడారి నవల 'బో జెస్ట్', దాని 1926 మూకీ సినిమా: చదివినవాళ్ళు, చూసినవాళ్ళు రండి

మూకీమిత్రుడు

మన బడుల్లో ఇంగ్లీషు గ్రామర్ అంటే రెన్ అండ్ మార్టిన్. అందులో రెన్ ఎవరని అడిగినవాళ్ళు తక్కువ. ఆయన పెర్సివల్ క్రిస్టఫర్ రెన్. 1875లో లండన్ దగ్గరి డెట్‌ఫర్డ్‌లో పుట్టాడు. 1903లో మన దేశం వచ్చి కరాచీలో హెడ్మాస్టరు చేశాడు, బొంబాయి ప్రెసిడెన్సీ విద్యాశాఖలో పనిచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇండియన్ ఆర్మీ రిజర్వు ఆఫీసరుగా తూర్పు ఆఫ్రికా వెళ్ళి జబ్బుపడ్డాడు. 1917లో ఇక్కడి ఉద్యోగం వదిలేశాడు. ఆ తర్వాత 1924లో 'బో జెస్ట్' అనే నవల రాశాడు. ఫ్రెంచి ఫారిన్ లీజియన్ (విదేశీయుల్ని చేర్చుకునే ఫ్రెంచి సైనిక దళం), సహారా ఎడారి, ముగ్గురు అన్నదమ్ములు, మాయమైన ఒక నీలం రాయి. ప్రపంచమంతా ఎగబడి చదివింది. రెండేళ్ళు తిరగకుండానే పారమౌంట్ వాళ్ళు హెర్బర్ట్ బ్రెనన్ దర్శకత్వంలో సినిమాగా తీశారు. మాటల్లేని సినిమా.

నవల తెరుచుకోవడమే ఒక వింతతో. మేజర్ బోజొలే అనే ఫ్రెంచి అధికారి, ముట్టడిలో చిక్కుకున్న జిండర్‌నఫ్ కోటకు సాయంగా తన దళంతో ఎడారి దాటి వస్తాడు. కోట మీద జెండా ఎగురుతోంది. గోడ మీద ప్రతి తుపాకి సందులోనూ ఒక సైనికుడు తుపాకి గురిపెట్టి నిలబడి ఉన్నాడు. పిలిస్తే ఒక్కడూ పలకడు. దగ్గరికెళ్ళి చూస్తే అందరూ శవాలే. చనిపోయాక ఎవరో లేపి నిలబెట్టారు. ఆ శవాల మధ్య కోట అధికారి వెల్లకిలా పడి ఉన్నాడు, గుండెల్లో ఫ్రెంచి బాయినెట్టు. పక్కనే ఇంకో సైనికుడి శవం, అక్కడే ఒక ఉత్తరం. కోట లోపల ఏం జరిగిందో చూసి రమ్మని ముందు పంపిన బాకా ఊదేవాడు మాయం. కాసేపటికి ఆ రెండు శవాలు కూడా మాయం.

నా మాట ఒక్కటే. ఈ కథ మూకీ కోసమే పుట్టింది. కథ మధ్యలో ఉన్నది పిలిస్తే పలకని కోట. మాటలొచ్చాక 1939లో విలియం వెల్మన్ దాన్నే మళ్ళీ తీశాడు. గ్యారీ కూపర్, రే మిలండ్ ఉన్నారు, బాగానే ఉంటుంది. కానీ ఆ మొదటి దృశ్యంలో అరుపులూ, గాలి చప్పుడూ, నేపథ్య సంగీతమూ చేరగానే ఆ భయంలో సగం పోయింది. 1926 సినిమాలో అధికారి నోరు తెరిచి పిలవడం కనిపిస్తుంది, మనకేమీ వినపడదు. అవతలివాళ్ళూ పలకరు. ఆ క్షణంలో అతనెంత ఒంటరివాడో మనమూ అంతే. మీరేమంటారు?

(ముడి విప్పే సంగతులు రాసేవాళ్ళు పైన 'కథ చెప్పేస్తున్నా' అని పెట్టండి. ఈ కథలో అది ముఖ్యం.)

వేసవి_చదువరి

మూకీమిత్రుడు గారూ, సగం ఒప్పుకుంటాను. కోట దృశ్యం సంగతి మీరన్నది నిజమే. కానీ నవలలో ఆ దృశ్యాన్ని మనకు చూపించేది కెమెరా కాదు, బోజొలే నోరు. నైజీరియాలో ఉద్యోగం చేసే జార్జ్ లారెన్స్ సెలవు మీద ఇంగ్లండు వెళ్తూ కానో రైల్వే స్టేషన్లో పాత స్నేహితుడు బోజొలేని కలుస్తాడు. దారి పొడవునా ఆయన ఈ కథ చెప్తాడు. ఆయన ఆర్డరు ప్రకారం బతికే మనిషి, అన్నిటికీ లెక్కలు కట్టే మనిషి. ఆ మనిషి లెక్కకు ఈ కోట అందదు. చెప్తూ చెప్తూ తనే ఆగిపోతాడు, మళ్ళీ మొదటికొస్తాడు, ఇలా అయ్యుండొచ్చా, అలా అయ్యుండొచ్చా అని వాదించుకుంటాడు. లారెన్స్ మధ్యమధ్యలో అడ్డుపడతాడు. అంత పెద్ద భయం రైలు పెట్టెలో, ఓడ డెక్కు మీద, ఇద్దరు పెద్దమనుషుల కబుర్లలోంచి రావడమే నాకు అబ్బురం.

సినిమా ఆ గొంతును వదిలేసింది. కళ్ళకు చూపించేసింది. చూపించాక బోజొలే ఏమనుకున్నాడన్నది ఎవరిక్కావాలి? మొదటి భాగంలో నాకు బాగా నచ్చిన మనిషి ఆయనే. సినిమాలో ఆయన కథను మొదలుపెట్టి పక్కకు తప్పుకునే అధికారి, అంతే.

ఇంగ్లీషు_మాస్టారు

రెన్ గురించి రెండు మాటలు. నేను పిల్లలకు గ్రామర్ చెప్పి రిటైరయినవాణ్ణి. ఆ పుస్తకం మొదటి పేజీలో రెన్, మార్టిన్ పేర్ల కింద, సవరించినవారు ఎన్.డి.వి. ప్రసాదరావు అని ఉండేది. ఏళ్ళ తరబడి ఆ పేజీ చూస్తూ పాఠం మొదలుపెట్టాను. నవల ఆయనదేనని తెలిశాక తెప్పించుకుని చదివాను. గ్రామర్‌లో ప్రతి నియమానికీ ఉదాహరణ వాక్యాలు కట్టిన ఓపికే నవల అల్లికలోనూ కనిపించింది నాకు. మొదటి భాగంలో అమాయకంగా పడేసిన ప్రతి చిన్న వివరానికీ చివర జవాబు ఉంటుంది. ఒక్కటి కూడా వదలడు.

చాలామంది అడిగే ప్రశ్న, ఈయన నిజంగా లీజియన్‌లో పనిచేశాడా అని. చేశానన్నట్టే మాట్లాడేవాడు, పుస్తకాల మీదా అలాగే వేసుకునేవాళ్ళు. రుజువు మాత్రం దొరకలేదు. మన దేశంలో ఉద్యోగం చేసిన ఏళ్ళూ సైన్యంలో ఉన్న ఏళ్ళూ కలిపి చూస్తే లీజియన్‌లో ఐదేళ్ళు గడపడానికి చోటు కనపడదు. కానీ లీజియన్ మీద ఆయన మనసు పడింది మాత్రం 'బో జెస్ట్'తో కాదు. 'ది వేజెస్ ఆఫ్ వర్చ్యూ' 1916లో, 'స్టెప్‌సన్స్ ఆఫ్ ఫ్రాన్స్' కథలు 1917లో వచ్చాయి, రెండూ లీజియన్ కథలే. అంటే ఆయన మన దేశంలో కొలువులో ఉన్న కాలంలోనే సహారా ఆయన బుర్రలోకి ఎక్కింది. అంతకుముందు 1912లో 'డ్యూ అండ్ మిల్‌డ్యూ' అని ఇక్కడి జీవితం మీద కథలు రాశాడు. వాటిని ఇప్పుడెవరూ చదవరు. తను ఏళ్ళు గడిపిన చోటు ఆయనకు పేరు తేలేదు. పేరు తెచ్చింది సహారాయే.

రీలు_పెట్టె

సినిమా వైపు నుంచి నేను.

బ్రెనన్ ఐర్లండులో పుట్టినవాడు. 'బో జెస్ట్'కు రెండేళ్ళ ముందు, 1924లో 'పీటర్ పాన్' తీశాడు. పిల్లల లోకం తీసి వచ్చినవాడు కనకే, ఇందులో అన్నదమ్ముల చిన్ననాటి ఆటలు అంత ప్రాణంతో ఉన్నాయని నాకనిపిస్తుంది. పెద్దన్న బో వేషం రొనాల్డ్ కోల్మన్‌ది, డిగ్బీ నీల్ హామిల్టన్, చిన్నవాడు జాన్ రాల్ఫ్ ఫోర్బ్స్. హామిల్టన్ని మీలో చాలామంది చూసే ఉంటారు, 1960ల టీవీ 'బ్యాట్‌మన్'లో పోలీసు కమిషనర్ గోర్డన్ ఆయనే. నీలం సంగతి చాటుగా విని పై అధికారి లెజోన్ చెవిన వేసే దొంగ బోల్దీని వేషం విలియం పవెల్‌ది. తర్వాతి కాలంలో మాటల సినిమాల్లో గొప్ప హాస్యనటుడయ్యాడు. ఇక్కడ చూస్తే గుర్తుపట్టలేరు.

అందరికంటే గుర్తుండిపోయేది నోవా బీరీ. లెజోన్ వేషం. కోట అధికారి, క్రూరుడు. చనిపోయిన సైనికుల్ని లేపి గోడ దగ్గర నిలబెట్టేది ఇతనే, బయట ఉన్న తువారెగ్‌లు, అంటే సహారా తెగవాళ్ళు, కోట నిండా మనుషులున్నారని అనుకోవాలని. బీరీ ఆ పని చేస్తుంటే ముఖంలో పైశాచిక ఆనందమేమీ ఉండదు. పని బాగా చేసే మనిషి ముఖం ఉంటుంది. అందుకే వెన్ను జలదరిస్తుంది.

కోల్మన్ మొదటి ప్రపంచ యుద్ధంలో లండన్ స్కాటిష్ దళంలో సైనికుడు. 1914లో మెసీన్ దగ్గర గాయపడి ఇంటికొచ్చాడు. యూనిఫాం వేసుకుని అతను ఊరికే నిలబడ్డా ఏదో బరువు కనిపించేది అందుకేనేమో.

ఇక ఎడారి. తీసింది సహారాలో కాదు, అమెరికాలో. ఆరిజోనాలోని యూమా ఊరి దగ్గరి ఇసుక దిబ్బల్లో కోట కట్టి తీశారు. ఐదేళ్ళ ముందు 1921లో ఫ్రాన్సులో జాక్ ఫెదే 'అట్లాంటిద్' తీసినప్పుడు, అది 1919లో పియెర్ బెన్వా రాసిన ఎడారి నవల, యూనిట్‌ని తీసుకుని నిజంగా అల్జీరియా వెళ్ళాడు. ఆ సంవత్సరమే హాలీవుడ్‌లో వాలెంటినోతో 'ది షేక్' వచ్చింది, కాలిఫోర్నియా ఇసుకలో. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే, నిజం సహారాలో తీసిన ఫెదే సినిమాలో నేల నిజం, మనుషులు కలలోవాళ్ళు. బ్రెనన్ సినిమాలో నేల అరువుది, మనుషులు నిజం. నాకు రెండోదే ఇష్టం.

'బో జెస్ట్'కు 1926లో ఫొటోప్లే పత్రిక బంగారు పతకం వచ్చింది. ఆస్కార్లు ఇంకా మొదలవని రోజుల్లో హాలీవుడ్‌కు అదే పెద్ద గౌరవం.

చరిత్ర_విద్యార్థి

అందరూ మెచ్చుకుంటున్నారు. ఆ కోట బయట ఉన్నవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు.

జిండర్‌నఫ్ కల్పితం. కానీ జిండర్ నిజం. ఇప్పటి నైజర్ దేశంలో ఉంది, ఒక సుల్తాను రాజధాని. 1898లో కాజ్‌మజూ అనే ఫ్రెంచి కెప్టెన్ అక్కడికి వెళ్ళి హతమయ్యాడు. మరుసటేడు ఫ్రెంచివాళ్ళు ఊరిని ఆక్రమించారు. ఆ 1899లోనే వూలే, షనోయిన్ అనే ఇద్దరు కెప్టెన్ల దండయాత్ర ఆ దారిన సాగింది. దారి పొడవునా ఊళ్ళు తగలబెట్టారు, జనాన్ని ఊచకోత కోశారు. వాళ్ళను తప్పించి పగ్గాలు తీసుకోమని పారిస్ ఆదేశాలతో లెఫ్టినెంట్ కర్నల్ క్లోబ్‌ను పంపితే ఆయన్నే కాల్చి చంపారు. చివరికి వాళ్ళిద్దరినీ చంపింది సొంత ఆఫ్రికన్ సైనికులే.

రెన్ నవలలోనూ తిరుగుబాటు ఉంది, అధికారిని చంపాలన్న కుట్ర ఉంది. అయితే అక్కడ అంతా తెల్లవాళ్ళ పరువు, తెల్లవాళ్ళ ద్రోహం. జిండర్ చుట్టుపక్కల నిజంగా ఏం జరిగిందో దాని ముందు లెజోన్ క్రూరత్వం చాలా చిన్నది.

ఇంకోటి. ఆ ప్రాంతంలో కోటల్ని కాపలా కాసింది లీజియన్ కాదు. ఎక్కువగా సెనెగల్ తిరాయర్లు అని పిలిచే ఆఫ్రికన్ సైనికులు, ఒంటె దళాలు. లీజియన్ కేంద్రం అప్పట్లో అల్జీరియాలో సిదీ బెల్ అబ్బెస్, పనంతా అల్జీరియా, మొరాకో వైపు. రెన్ చేసిన మార్పు ఏమిటంటే, నల్ల సైనికుల్ని తీసేసి ఆ స్థానంలో ఇంగ్లీషు జమీందారీ పిల్లల్ని పెట్టాడు.

తువారెగ్‌లను నవలలో కొన్నిచోట్ల అరబ్బులని కలిపేస్తారు. వాళ్ళు అరబ్బులు కారు. వాళ్ళ భాష బెర్బర్ కుటుంబంలోది, తిఫినాగ్ అనే సొంత లిపి ఉంది, మగవాళ్ళే ముఖానికి ముసుగు కట్టుకుంటారు. 1916 డిసెంబరులో కావొసెన్ అనే నాయకుడి వెంట వాళ్ళు అగాదెజ్ ఊళ్ళోని ఫ్రెంచి కోటను ముట్టడించారు. 1917 మార్చిలో జిండర్ నుంచి దళం వచ్చేదాకా అది విడలేదు. జిండర్ నుంచి సాయం రావడం, ఎడారిలో ముట్టడి, అన్నీ నిజంగానే జరిగాయి. ఆ కథలో గోడ బయటివాళ్ళకు పేర్లున్నాయి, కారణాలున్నాయి. సినిమాలో వాళ్ళు దూరంగా గుర్రాల మీద వచ్చి కాల్పులకు పడిపోయే తెల్లబట్టలు మాత్రమే.

మూకీమిత్రుడు

చరిత్ర_విద్యార్థి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. వూలే, షనోయిన్ సంగతి ఈ కథ పక్కన పెట్టుకుని చదవాల్సిందే. తువారెగ్‌ల విషయంలో మీతో వాదన లేదు. వాళ్ళకు ఈ కథలో మనిషి ముఖం ఇవ్వలేదు, అది పెద్ద లోటు.

అయితే ఒక్క విషయం. ఈ కథలో సామ్రాజ్యాన్ని పొగిడే మాట ఎక్కడుందో నాకు కనపడదు. కోటను కాపాడటం ఎందుకో ఎవరూ చెప్పరు. చివరికి ఆ కోటను తగలబెట్టేది డిగ్బీ, ఫ్రెంచి సైన్యపు యూనిఫాంలో ఉండి, జెండాతో సహా. ఫ్రెంచి ప్రభుత్వం ఈ కథ తమ సైన్యానికి అవమానమని అభ్యంతరం చెప్పింది. ఆ సైన్యం నెత్తిన పెట్టుకోదగిన కథ కాదిది.

చరిత్ర_విద్యార్థి

ఫ్రాన్సును తిట్టినంత మాత్రాన సామ్రాజ్యాన్ని తిట్టినట్టు కాదండీ. రెన్ బ్రిటిష్ కొలువులో ఉన్నవాడు. 'ఫ్రెంచివాళ్ళు తమ సైనికుల్ని ఇలా చూస్తారు, మన పిల్లలు అక్కడా మన పిల్లలే' అన్నదే ఆ నవల గొంతు. ఎడారి ఎవరిదన్న ప్రశ్న అందులో రానే రాదు. ఈ విషయంలో నా మాట మారదు. కోట దృశ్యం మాత్రం నేనూ మరిచిపోలేను.

జగిత్యాల_గల్ఫన్న

అందరికి నమస్తే. నేను గల్ఫ్‌ల శానా ఏండ్లు పని చేసి వచ్చిన. నవల చదవలేదు, సినిమా గురించి మీరు రాసింది చదివి వెతికి చూసిన. మాటలు లేకపోవుడు నాకు అడ్డం కాలేదు. మధ్యల వచ్చే రాతలు చిన్నగనే ఉన్నయి, మా బిడ్డ చదివి చెప్పింది.

నాకు తగిలింది కోట కాదు. వాళ్ళు లీజియన్‌ల చేరే తీరు. ఐదేండ్ల కాయితం మీద సంతకం, పేరు మార్చుకున్నా అడిగేటోడు లేడు, వెనకకు పోదామంటె తొవ్వ లేదు. రూములల్ల రకరకాల దేశాలోళ్ళు, ఒకని భాష ఒకనికి రాదు. జీతం చేతికి శానా తక్కువ. ఒక్కడు మంచిగనే ఉంటడు, ఒకనాడు పొద్దున లేచేసరికి మనిషి మనిషి తీరు ఉండడు. అది నేను కండ్ల జూసిన. ఎండకు గాదు, మనసు ఇరిగిపోయి.

ఇంకోటి, ఎడారి అంటె అంతా ఇసుక దిబ్బలు అన్నట్టు చూపెట్టిన్రు. నేను చూసిన ఎడారిల శానా మటుకు గట్టి నేల, రాళ్ళు, దుమ్ము. దిబ్బలు కొన్ని జాగలల్లనే. దూరం తెల్వదు, ఇగ వచ్చింది అనుకుంటె గంట నడిచినా రాదు. సినిమాల అది బాగ చూపెట్టిన్రు, ఆ దళం కోట దిక్కు వచ్చేటప్పుడు ఎంత నడిచినా కోట చిన్నగనే కనవడుతది.

ఇంగ్లీషు_మాస్టారు

గల్ఫన్నా, మీరు చెప్పిన 'మనసు విరిగిపోవడం' నవలలో చాలా చోట్ల వస్తుంది. లీజియన్‌వాళ్ళు దానికి 'కఫార్' అని పేరు పెట్టుకున్నారు. ఎడారి కోటలో పనీ పాటా లేక, ఎండలో, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నెలలు గడిస్తే పట్టే పిచ్చి. ఒకడు ఉన్నట్టుండి తుపాకి తీసి తోటివాణ్ణి కాలుస్తాడు, ఇంకొకడు ఎడారిలోకి నడుచుకుంటూ వెళ్ళిపోతాడు. లెజోన్ చేతికి కోట పగ్గాలు వచ్చేది కూడా అలాగే. పైనున్న కెప్టెన్ తనను తాను కాల్చుకుంటాడు. జీతం సంగతి కూడా మీరన్నట్టే, రోజుకు ఒక సూ, అంటే ఐదు సాంతీములు. ఈ భాగం రెన్ ఊహించి రాశాడా, విని రాశాడా అన్నది పక్కన పెడితే, రాసింది మాత్రం మీలాంటి మనిషి చదివి 'ఇది నేను చూశాను' అనేలా ఉంది. నవలకు ఇంతకంటే పెద్ద యోగ్యతాపత్రం నాకు తెలియదు.

వేసవి_చదువరి

*కథ చెప్పేస్తున్నా. చదవనివాళ్ళు ఈ పోస్టు దాటేయండి.*

నన్ను ఎప్పుడూ కుదురుగా ఉండనివ్వని విషయం ఇంగ్లండులోని ఆ ఇల్లు. బ్రాండన్ అబాస్. లేడీ పట్రీషియా భర్త సర్ హెక్టర్ ఆస్తంతా తగలేస్తూ దేశాలు తిరుగుతుంటాడు. ఇల్లు నడపడానికి ఆమె ఇంటి నీలాన్ని, 'బ్లూ వాటర్'ను, గుట్టుగా అమ్మేసి దాని చోట నకిలీ పెడుతుంది. చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే చాటు నుంచి బో అది తెలుసుకుంటాడు, నోరు విప్పడు. ఏళ్ళ తర్వాత భర్త తిరిగొస్తున్నాడు, నీలం అమ్ముతాడట అని తెలియగానే, పిన్ని గుట్టు బయటపడకుండా ఆ నకిలీ రాయిని తనే దొంగిలించి పారిపోతాడు. నింద తన మీద వేసుకుంటాడు. అన్న మీద అనుమానం పడకూడదని డిగ్బీ పారిపోతాడు, ఆ ఇద్దరి కోసం జాన్.

ఇంతమంది చావూ ఒక గాజుముక్క కోసం. లెజోన్ కూడా ఆ గాజుముక్క కోసమే బో శవాన్ని వెతకబోయి జాన్ చేతిలో చస్తాడు. నవలలో చివర ఆమె ఉత్తరం చదివే పేజీలు ఉన్నాయి. అక్కడ ఆమె మీద నాకు కోపం రావాలి. రాదు. ఇంటి ఆడదానికి ఆస్తి మీద హక్కు లేని చోట, ఊళ్ళో రైతుల అవసరాలూ పిల్లల చదువులూ ఆమె నెత్తినే పడ్డ చోట, ఆమె చేసింది దొంగతనమని నేననను. ముందే నోరు విప్పి ఉంటే ముగ్గురు పిల్లలూ ఇంట్లోనే ఉండేవాళ్ళు కదా అన్న బాధ మాత్రం పోదు. సినిమాలో ఆలిస్ జాయిస్ ఈ పాత్ర వేసింది. ఉత్తరం చదివే దగ్గర ఆమె ఏడవదు. నవల చదివి మనసులో కట్టుకున్న మనిషి సరిగ్గా ఆమెలాగే ఉండటం ఎంత అరుదో మీకు తెలుసు.

రీలు_పెట్టె

*ఇదీ కథ చెప్పేసేదే.*

వేసవి_చదువరి గారూ, ఆలిస్ జాయిస్ గురించి మీతో నూటికి నూరుపాళ్ళు.

వాళ్ళ చిన్నప్పటి ఆట ఒకటి ఉంది. తను చనిపోతే వైకింగ్ వీరుడిలా దహనం చేయాలని, కాళ్ళ దగ్గర ఒక కుక్కను పెట్టాలని బో కోరుకుంటాడు. తమ్ముళ్ళు మాటిస్తారు. బాకా ఊదేవాడిగా కోటలోకి వచ్చిన డిగ్బీకి అన్న శవం కనిపిస్తుంది. మాట నిలబెట్టుకోవాలి. కుక్క కావాలి. లెజోన్ శవాన్ని లాక్కొచ్చి అన్న కాళ్ళ దగ్గర పడేస్తాడు. కోటకు నిప్పు పెడతాడు. బోజొలేకు అంతుపట్టని మాయలన్నిటికీ జవాబు ఇదే, పిల్లల ఆట. కట్టుబాట్లు తెలిసిన అధికారికి అది ఎన్నటికీ తట్టదు.

ఈ కథలో అన్నిటికంటే పెద్ద మలుపు ఇదే అని నా నమ్మకం. సినిమా దీన్ని మాటల్లో వివరించదు. చిన్నప్పటి ఆటలో చూసిన చేతి కదలికనే ఇక్కడ మళ్ళీ చూస్తాం.

ఇంగ్లీషు_మాస్టారు

ఈ దహనం గురించి చాలాకాలంగా అనుకుంటున్నది ఒకటి రాస్తాను. నవల 1924లో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన బ్రిటిష్ సైనికుల శవాలను ఇంటికి తీసుకురాకూడదని ప్రభుత్వం నిర్ణయించింది. ఎంత డబ్బున్న కుటుంబమైనా సరే, పిల్లాణ్ణి పడినచోటే పూడ్చాలి. లక్షలాది తల్లులకు సమాధి చూసే భాగ్యం లేదు. చాలామందికి శవమే దొరకలేదు. అలాంటి పాఠకుల చేతిలో ఈ నవల పడింది: దూరదేశంలో పేరు మార్చుకుని చనిపోయిన అన్నకు, సొంత తమ్ముడి చేతుల మీద, కోరుకున్నట్టే అంత్యక్రియ జరుగుతుంది. అంత ఆదరణ ఎందుకొచ్చిందో నాకు అక్కడే అర్థమైంది. సాహసం కోసం కొన్నారు, దీనికోసం దాచుకున్నారు.

మనకూ ఇది దూరం కాదు. కడసారి చూపు దక్కలేదన్న బాధ మన ఇళ్ళల్లో ఎంత కాలం ఉంటుందో తెలుసు కదా.

జగిత్యాల_గల్ఫన్న

మాస్టరు సార్, మీరు రాసింది చదివి శానాసేపు ఏం రాయబుద్ధి కాలేదు. మా దిక్కు గల్ఫ్ నుంచి పెట్టెల వచ్చిన మనుషులు ఉన్నరు. రానోళ్ళు కూడ ఉన్నరు. పెట్టె కోసం నెలలు ఎదురు చూసిన ఇండ్లు నాకెరుక. ఆ పెద్దన్నకు తమ్ముడు దొరికిండు.

కొత్తగా_చేరా

నమస్కారం అండీ. ఈ చర్చ చూశాకే ఆసక్తి పుట్టింది. (కథ చెప్పేసిన పోస్టులు దాటేశాను!) ముందు నవల చదవాలా, సినిమా చూడాలా? ఇంగ్లీషు కష్టంగా ఉంటుందా? ఉచితంగా దొరుకుతాయా?

మూకీమిత్రుడు

నా సలహా: నవల మొదటి భాగం చదవండి, కోట తగలబడేదాకా. అక్కడ ఆపి సినిమా చూడండి. తర్వాత మిగతా నవల.

రెన్ 1941లో చనిపోయాడు. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన అరవై ఏళ్ళకు హక్కులు తీరిపోతాయి, కాబట్టి నవలను నిశ్చింతగా దించుకోవచ్చు. సినిమా కూడా అమెరికాలో 2022 నుంచి అందరిదీ. అయితే నెట్‌లో తిరిగే కాపీలు అన్నీ ఒక్కలా ఉండవు. కొన్నింటిలో మనుషులు గబగబా పరుగెడుతున్నట్టు కనిపిస్తారు. మూకీ రోజుల్లో కెమెరాను ఇప్పటికన్నా నెమ్మదిగా తిప్పేవాళ్ళు, దాన్ని ఇప్పటి వేగంతో ఆడిస్తే అలా అవుతుంది. అలాంటి కాపీ దొరికితే వేగం తగ్గించుకుని చూడండి. నడక మామూలు నడకలా ఉండాలి. ఆ కోట దృశ్యం పరుగుతో చూస్తే మొత్తం పోతుంది.

వేసవి_చదువరి

ఇంగ్లీషు కష్టం కాదు, ఓపిక కావాలి. లీజియన్ భాగాల్లో ఫ్రెంచి మాటలు చాలా వస్తాయి, సందర్భాన్ని బట్టి తెలిసిపోతాయి. సినిమా చూశాక నవలలో ఎడారి దాటే భాగం తప్పక చదవండి. హ్యాంక్, బడ్డీ అని ఇద్దరు అమెరికన్లు జాన్‌తో కలిసి తప్పించుకుంటారు. నీళ్ళు, ఒంటెలు, బావులు, వేషాలు, ఊళ్ళు. సినిమా దాన్ని బాగా కుదించింది. నవలలో అది ఎంతకీ తరగదు, తరగకపోవడమే దాని బలం. తర్వాత రెన్ ఇంకా రెండు రాశాడు, 'బో సాబ్రర్', 'బో ఐడియల్'. మొదటిదాని స్థాయి రెండింటికీ లేదు. నా మాట విని మొదటిది చదివి ఆగిపోండి.

చరిత్ర_విద్యార్థి

కొత్తగా చేరినవారికి నాదీ ఒక విన్నపం. నవల అయిపోయాక అగాదెజ్ ముట్టడి గురించి ఏదైనా చదవండి, పక్కన పటం పెట్టుకుని. కానో, జిండర్, అగాదెజ్ దాదాపు ఒకే నిలువు గీత మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కనిపిస్తాయి. రెన్ కథ ఎక్కడ నిలబడిందో, ఏ జనం మధ్య నిలబడిందో అప్పుడు తెలుస్తుంది.

మూకీమిత్రుడు గారూ, మీరు మొదట్లో అన్నదానికి నా జవాబు ఇది. పలకని కోటను మూకీ బాగా చూపించింది, నిజం. ఆ సినిమాలో పలకనివాళ్ళు ఇంకొందరున్నారు, గోడ బయట. వాళ్ళ మౌనం గురించి కూడా ఎవరైనా ఒక సినిమా తీయాలని కోరుకుంటున్నాను.

జగిత్యాల_గల్ఫన్న

తీస్తె నేను చూస్త. మా బిడ్డకు నవల తెచ్చిచ్చిన, చదువుతున్నది. రెన్ అంటె గ్రామర్ సారే గదా అని అడిగింది, అవునన్న. ఇప్పుడు ఆ కానో రైలు కాడ ఉన్నది. అయ్యేదాక కథ చెప్పొద్దని నా నోరు కట్టేసింది.